పిట్టగోడ నేర్పిన సార్

సార్ పోయారన్న సంగతి నాకు చెప్పింది అమ్మ. అమ్మంటే సార్ భార్య. సార్ ఆఫీసులో పనిచేసిన మేమందరం ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. ఆ ఉదయం చిత్తూరులో నా ఆఫీసులో కూర్చుని, మెట్లు ఏ మూలకు రావాలన్న దాని మీద ఇల్లు కట్టించుకుంటున్న ఒకాయనతో వాదిస్తున్నాను. ఫోన్ మోగింది. ఎవరిదో తెలియని నంబరు.

"నేనమ్మా, తిరుపతి నుంచి. సార్ పోయినాడు. తెల్లారి కాఫీ అడిగినాడు. నేను కలుపుకోని వచ్చేలోపలే అయిపోయింది." ఆమె గొంతులో ఏడుపు లేదు. "నీకు చెప్పాలనిపించింది. వస్తావో రావో నీ ఇష్టం," అని పెట్టేసింది.

ఫోన్ బల్ల మీద పెట్టి, మెట్లు ఆయన చెప్పిన మూలకే పెడదామన్నాను. అంతసేపు వాదించి ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఆయనకు అనుమానం వచ్చినట్టుంది, నా ముఖం వైపు చూసి కాగితాలు మడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నేను తిరుపతికి వెళ్ళలేదు. పెద్దకర్మకు వెళ్ళాను. అక్కడ మైకులో నేను మాట్లాడిన మాటలు చాలామందికి కోపం తెప్పించాయి. కొందరు ఫోన్ చేసి అడిగారు, కొందరు అడగకుండానే పలకరించడం మానేశారు. ఇది వాళ్ళకు సమాధానంగా రాయడం లేదు. సార్‌ను ఎరగని వాళ్ళకు ఆయన ఎలాంటి మనిషో చెబుదామని రాస్తున్నాను. మొదట చెప్పవలసింది, ఆయన మంచివాడు. అది నిజం. మంచివాడు కాకపోయి ఉంటే నాకింత కష్టంగా ఉండేది కాదు.

తొంభైల చివరి మాట ఇది. ఐటిఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు ముగించి, పాకాల నుంచి పొద్దున ప్యాసింజర్ రైలెక్కి తిరుపతికి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చాను. బస్టాండుకు వెనక సందులో, యాత్రికులకు బ్యాగులూ తాళాలూ అమ్మే దుకాణం పైన సార్ ఆఫీసు. ఊరంతా లాడ్జీలు లేస్తున్న కాలం. ఏ సందులో చూసినా ఇసుక కుప్పలూ కమ్ముల కట్టలే. సార్ అంతకు ముందు ఒక ప్రభుత్వ ఆఫీసులో ఏళ్ళ తరబడి డ్రాయింగ్ బోర్డు మీద ప్లాన్లు గీసి, ఇంకా సర్వీసు ఉండగానే మానుకుని, సొంతంగా ఈ ఆఫీసు పెట్టుకున్నారు. యాభై దాటిన వయసులో కంప్యూటర్ నేర్చుకున్నారు. ఒక్క వేలితో టైపు చేసేవారు. కంప్యూటర్ గదిలోకి చెప్పులతో రానిచ్చేవారు కాదు. పొద్దున రాగానే మౌస్ తిరగేసి, అందులోని ఉండను బయటికి తీసి, చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టేవారు. ఆ పని మమ్మల్ని చేయనిచ్చేవారు కాదు. కరెంటు పోయి యూపీఎస్ కుయ్యోమనగానే ఏ గదిలో ఉన్నా "సేవ్!" అని ఒక్క కేక. వచ్చినవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. మాకు అలవాటైపోయింది.

నన్ను ఏమీ ప్రశ్నించకుండానే చేర్చుకున్నారు. "పాకాలా? సాయంత్రం రైలు ఎన్నింటికి పాపా?" అని మాత్రం అడిగారు. ఆ తర్వాత అక్కడ ఉన్నంత కాలం, నా రైలు వేళకు ఎంత తొందర పని ఉన్నా, "లేయి, రైలు పోతాది," అని కుర్చీలోంచి లేపేసేవారు. ఆడపిల్లనని టీలు తెమ్మని ఒక్కసారీ అనలేదు. వాన పడిన రోజు అమ్మ ఇంటి నుంచి నాకూ క్యారియర్ పంపేది. ఆ రోజుల్లో తిరుపతిలో నాకు తెలిసిన ఇల్లు అదొక్కటే.

అప్పుడే సార్ కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి తెప్పించారు. అందులో ఇంటిని గీతలతో గీయడం కాదు, కట్టడమే. గోడ అంటే గోడ లేస్తుంది, శ్లాబు అంటే శ్లాబు పడుతుంది. ఒక బటన్ నొక్కితే ఇల్లంతా తెర మీద నిలబడి గుండ్రంగా తిరుగుతుంది. మా ఊళ్ళో చెబితే ఎవరూ నమ్మలేదు. నేను కట్టిన మొదటి ఇల్లు నాలుగు గదులది. గోడలు లేపి, పైన శ్లాబు పరిచి, తిప్పి తిప్పి చూసుకుని సార్‌ను పిలిచాను.

సార్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూశారు. "ఇది మిద్దెనా, మూతపెట్టిన సత్తుగిన్నెనా? ఒడియాలు పెట్టను ఆడోళ్ళు పైకెక్కితే యాడ ఆగాల?"

"పిట్టగోడ లేదు సార్."

"పెట్టు మరి."

శ్లాబు అంచు వెంబడి గోడ అని నొక్కాను. ఆ సాఫ్ట్‌వేర్‌కు గోడంటే గది గోడే తెలుసు. నిలువెత్తుకు మించిన గోడ ఇంటి చుట్టూ లేచి కూర్చుంది. సార్ పడి పడి నవ్వారు. "ఇంటి మింద జైలు కట్టినావు పాపా!" తర్వాత పక్కన స్టూలు లాక్కుని కూర్చుని నేర్పారు. మిద్దెను వేరే అంతస్తుగా పెట్టుకోవాలి. కింది అంతస్తు బయటి గోడలను మాత్రమే పైకి తెచ్చుకోవాలి, లోపలి గోడలు వదిలేయాలి. అప్పుడు ఎత్తు తగ్గించాలి. కింది గోడలనే పైకి సాగదీస్తే తొందరగా అయిపోతుంది గానీ అవి శ్లాబును కోసుకుంటూ పోతాయి. నిలువుకోత బొమ్మలో చూస్తే శ్లాబు గోడల మధ్య వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. "శ్లాబు బయటి దాకా రావాల. పిట్టగోడ దాని మింద కూర్చోవాల. ఎవురి మింద ఎవురు కూర్చున్నారో తెలీకుండా కట్టగూడదు."

అన్నీ చేశాక, మూల దగ్గరకు జూమ్ చేసి చూపించారు. రెండు గోడలు కలిసే చోట వెంట్రుకంత సందు.

"మూల కలవలేదు."

"కంప్యూటర్లోనే కదా సార్, కట్టేటప్పుడు మేస్త్రి కలుపుతాడు," అన్నాను.

"ఈడ కలవంది ఇటుకల్లో యాడ కలుస్తాది?" అన్నారు. కోపంగా కాదు. కానీ ఆ మూల నాలుగుసార్లు చెరిపించి, మళ్ళీ నాలుగుసార్లు కలిపించారు. నీళ్ళు పోయే తూములు ఎక్కడ పెట్టాలో, గోడ నెత్తిన పూత లోపలి వైపుకే ఎందుకు వాలాలో అన్నీ ఆ మధ్యాహ్నమే చెప్పారు. బయటికి వాలితే వాన నీళ్ళు గోడంతా నల్లని చారలు చారలుగా కారతాయట. ఇంటికి వెళ్తూ రైలు కిటికీలోంచి కనిపించిన ప్రతి మిద్దెకూ చారలు ఉన్నాయా అని వెతికాను. చాలావాటికి ఉన్నాయి.

మర్నాడు "పిట్టగోడ ఎత్తు ఎంత పెట్టినావు?" అని అడిగారు.

"మూడడుగులు సార్."

"ఎందుకు?"

"పుస్తకంలో ఉంది."

"పైకి రా," అని ఆఫీసు మిద్దె మీదికి తీసుకుపోయారు. ఎండ మండిపోతోంది. ఎదురుగా కొండ. అక్కడి పిట్టగోడ కూడా మూడడుగులదే. "ఆనుకో," అన్నారు. ఆనుకున్నాను. "నువ్వు పొట్టిదానివి, నీకు సరిపోయింది. నేను ఆనుకుంటే సూడు," అని సార్ గోడ మీదికి వంగారు. ఆయన పొడుగు మనిషి. గోడ ఆయన నడుము కిందే ఆగిపోయింది, నడుము పైభాగమంతా సందు మీదికి వాలింది. నేను కెవ్వుమని ఆయన చొక్కా వెనక నుంచి రెండు చేతులా పట్టుకున్నాను.

సార్ వెనక్కి తిరిగి నవ్వారు. "ఇప్పుడు పట్టుకున్నావు సూడు, ఆ పని గోడ చెయ్యాల."

ఈ మాట నేను ఈరోజుకీ నా ఆఫీసులో పిల్లలకు చెబుతాను. ఎవరు చెప్పారో కూడా చెబుతాను. అబద్ధం చెప్పి నా ఘనతగా చెప్పుకోలేదు ఎప్పుడూ.

రెండేళ్ళు అలా గడిచాయి. అంత సంతోషంగా నేను మళ్ళీ ఎక్కడా పని చేయలేదు. ఆ తర్వాత ఒక లాడ్జి పని వచ్చింది. ఓనర్‌కు ఊళ్ళో పలుకుబడి ఉంది. లాడ్జి పేరు బస్టాండు దాకా కనిపించాలని ఆయన పట్టు. అందుకని ముందు వైపు పిట్టగోడను మామూలు ఎత్తులో కాకుండా మనిషిని మించిన ఎత్తు లేపి, దాని మీద పేరు అక్షరాలు బిగించాలన్నాడు. అది పనిచేయాల్సింది పిట్టగోడగా కాదు, బోర్డుగా. పల్చటి ఇటుక గోడ అంత ఎత్తున ఒంటరిగా నిలబడితే గాలికి ఆగదు. ఇది నాకు సార్ నేర్పిందే. అందుకని కింది దూలాల నుంచి లేచేట్టు గోడ పొడుగునా చిన్న చిన్న కాంక్రీటు కాలమ్స్ పెట్టి, నెత్తిన అన్నిటినీ కలుపుతూ పట్టీలాగా ఒక బ్యాండ్ వేశాను. సార్ చూసి "శభాష్" అన్నారు. ఆ మాట ఆయన నోట రావడం అరుదు.

కొన్నాళ్ళకు ఓనర్ ఆఫీసుకు వచ్చాడు. నేను నా కంప్యూటర్ ముందే ఉన్నాను.

"చెప్పేదేందంటే సారూ, పైన శ్లాబు పోసేసినాము. మీ కాలమ్స్‌కు కమ్ములు వదల్లేదు, మేస్త్రి మర్చిపోయినాడు. ఇప్పుడు శ్లాబు కొట్టి కమ్ములు నాటాలంటే బ్రహ్మోత్సవాలకు లాడ్జి తెరుచుకోదు. ఒట్టి గోడ లేపేస్తాము. మీరు డ్రాయింగ్ అట్ల మార్చి ఇయ్యండి." కుర్చీలోంచి లేవబోతూ మళ్ళీ కూర్చున్నాడు. "కల్యాణమండపం పని కూడా మీకే అనుకుంటా ఉండాము."

సార్ తన కుర్చీలోంచి లేచారు. నా దగ్గరికి వచ్చి "లేయి పాపా," అన్నారు. లేచాను. నా కుర్చీలో కూర్చుని, ఒక్కో కాలమ్‌నూ ఎంచి, ఆ ఒక్క వేలితోనే డిలీట్ నొక్కారు. తర్వాత బ్యాండ్ కూడా తీసేశారు. తెర మీద ఆ గోడ ఒట్టిగా నిలబడింది.

"గాలికి సార్..." అన్నాను.

"నేను సూసుకుంటా," అన్నారు. నా వైపు తిరగలేదు. జేబు రుమాలుతో చేతులు తుడుచుకుని లేచారు. డ్రాయింగ్ కింది గడిలో 'గీసినవారు' అన్నచోట నా పొడి అక్షరాలు అలాగే ఉన్నాయి. పక్క గడిలో ఆయన సంతకం పెట్టి ఇచ్చారు.

లాడ్జి బ్రహ్మోత్సవాలకు తెరుచుకుంది. పేరు బస్టాండు దాకా కనిపించింది. మాకందరికీ మిఠాయి పెట్టెలు వచ్చాయి.

ఆ తర్వాత నెలలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు వానా గాలీ. రైలు ఆలస్యంగా నడిచి నేను తిరుపతిలో దిగేసరికి, స్టేషన్ బయట ఆటోవాళ్ళంతా ఒకచోట గుమిగూడి మాట్లాడుకుంటున్నారు. లాడ్జి గోడ పడిందని వాళ్ళ నోటే విన్నాను. గోడంతా ఒకే పలకలాగా ముందుకు వాలి సందులోకి పడింది. వానకు ఆ గోడ కింద ఆటో నిలుపుకుని బేరం కోసం చూస్తున్న మస్తాన్ అనే ఆటో డ్రైవర్ మీద పడింది. ప్రాణం దక్కింది. కుడి కాలు నుజ్జయింది.

నేను ఆఫీసుకు పోలేదు, నేరుగా అక్కడికే పరుగెత్తాను. ఇటుకల మధ్య లాడ్జి పేరు అక్షరాలు వంకర్లు తిరిగి పడి ఉన్నాయి. మున్సిపల్ వాళ్ళు వచ్చారు, పోలీసులు వచ్చారు. ఓనర్ ఉన్నాడు, సార్ ఉన్నారు. చుట్టూ జనం. సార్ గొడుగు లేకుండా తడిసి నిలబడి ఉన్నారు. ఆయనను అట్లా చూసి నాకు ఏడుపొచ్చింది. నా గొడుగు ఆయన తల మీద పట్టాలని జనాన్ని తోసుకుంటూ దగ్గరికి పోయాను.

అప్పుడే ఒక అధికారి అడిగాడు. "ఇంత గోడకు ఒక్క కాలమ్ లేదేమప్పా? ఎవురు గీసినారు ఇది?"

సార్ నన్ను చూశారు. చూసి, ముఖం అధికారి వైపు తిప్పుకున్నారు.

"మా ఆఫీసులో పాప గీసింది సార్. చిన్న పిల్ల, కొత్తగా నేర్చుకుంటా ఉండాది. కంప్యూటర్లో కాలమ్స్ పెట్టేది మర్చిపోయింది. నేను నమ్మి సంతకం పెట్టేసినా."

నేను విన్నది నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "సార్, మీరే కదా..." అన్నాను. ఇంకా ఏదో అనబోయాను. ఓనర్ నా ముందుకు వచ్చాడు. "పాపా, చేసింది సాలదా? పెద్దోళ్ళు మాట్లాడతా ఉంటే నడమ నీకేం పని?" అన్నాడు. జనం నన్ను చూడటం మొదలుపెట్టారు. నేను సార్ ముఖం వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన ఒక్కసారి నా వైపు తిరిగితే చాలనుకున్నాను. తిరగలేదు. గొడుగు నా చేతిలోనే ఉండిపోయింది.

కేసు నా దాకా రాలేదు. చిన్న పిల్ల చేసిన పొరపాటు అనేసరికి అందరికీ తేలికైపోయింది. ఓనర్ మస్తాన్ ఇంటివాళ్ళతో ఏదో మాట్లాడుకున్నాడు, కాగితాలు మూసేశారు. కానీ ఊళ్ళో నాకొక పేరొచ్చింది. గోడ పడగొట్టిన పాప. పని అడగడానికి ఏ ఆఫీసుకు పోయినా, "ఓ, నువ్వేనా ఆ పాప?" అనేవాళ్ళు. కొందరు నవ్వేవాళ్ళు కూడా.

నాయన నన్ను వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. మస్తాన్ మంచం పక్కన బత్తాయిలు పెట్టి, "ఇది నా కూతురప్పా. తప్పు దీనిది కాదు. అయినా సూసిపోదామని వచ్చినాము," అన్నాడు.

మస్తాన్ నన్ను చాలాసేపు చూశాడు. "నువ్వేనామ్మా గీసింది? నా చిన్న కూతురు ఈడుండావు. నిన్నేం అనేది నేను?" అన్నాడు. ఆయన నాయన మాట నమ్మలేదు. కన్నతండ్రి అలాగే అంటాడు కదా అనుకుని ఉంటాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. క్షమించాడు. చేయని తప్పుకు దొరికిన ఆ క్షమ నా ఒంటి మీద ఇప్పటికీ ఉంది.

ఒక నెల తర్వాత సార్ పాకాలకు వచ్చారు. మా ఇంటి వసారాలో నులక మంచం మీద కూర్చున్నారు. మనిషి తగ్గిపోయి ఉన్నారు. "చెనిక్కాయలు ఎట్లుండాయప్పా ఈసారి?" అని నాయనను అడిగారు. వేరుశనగ సగం వానలకు పోయిందని నాయన చెప్పాడు. మా అమ్మ మజ్జిగ ఇచ్చింది, తాగారు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన ఇక నా సంగతే ఎత్తరేమో అనుకున్నాను.

"పాపా, నీ కుర్చీ అట్లే ఉండాది. ఎవుర్నీ కూర్చోనీలే. సోమవారం నుంచి వచ్చేయి," అన్నారు.

"ఆ రోజు మీరు చెప్పింది నిజం కాదని వాళ్ళ ముందర చెప్పండి సార్. వస్తాను."

"నువ్వు చెయ్యలేదని నాకు తెలీదా? ఆఫీసులో అందురికీ తెలుసు."

"మస్తాన్‌కు తెలీదు కదా సార్."

సార్ ఖాళీ గ్లాసును చేతుల్లో తిప్పుతూ ఉండిపోయారు. "నీకు వయసుండాది పాపా. పడినా లేస్తావు. ఈ వయసులో నేను పడితే మళ్ళా లేయలేనమ్మా," అన్నారు. ఆ ఆఫీసు మీద ఎన్ని కుటుంబాలు ఆధారపడ్డాయో నాకు తెలుసు. ఆయనకు ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు ఉన్నాయని తెలుసు. తెలిసే కాలమ్స్ తీసేశారన్న నిజం బయటపడితే ఆయన మళ్ళీ ఏ ప్లాను మీదా సంతకం పెట్టలేరని కూడా తెలుసు. అన్నీ తెలిసే, రానన్నాను.

ఆయన నాయన వైపు చూశారు. పెద్దవాడు కదా, నాకు సర్దిచెబుతాడని అనుకున్నట్టున్నారు.

"పాప చెప్పింది గదా సారూ," అన్నాడు నాయన. అంతే.

సార్‌ను స్టేషన్ దాకా దిగబెట్టి వచ్చింది కూడా నాయనే.

నేను చిత్తూరు వచ్చేశాను. ఇక్కడ నన్ను ఎవరూ ఎరగరు. ఒక కాంట్రాక్టరు దగ్గర ప్లాన్లు గీస్తూ గీస్తూ, పెళ్ళయ్యాక ఇంటాయన ప్రోత్సాహంతో సొంతంగా చిన్న ఆఫీసు పెట్టుకున్నాను. పనిలో నా చేతులు చేసేదంతా సార్ నేర్పిందే. మిద్దెను వేరే అంతస్తుగా పెట్టుకోవడం, బయటి గోడలు పైకి తెచ్చుకోవడం, మూలలు జూమ్ చేసి చూసుకోవడం. మనిషి మీద అంత కోపం పెట్టుకుని, ఆయన నేర్పిన పనితోనే అన్నం తినడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఒక్కోసారి ఏదైనా మూల చక్కగా కలిసినప్పుడు ఆయనకు చూపించాలనిపించేది. ఆ వెంటనే నా మీద నాకే చిరాకు వచ్చేది.

మధ్యలో ఒక్కసారి కలిశాం. చిత్తూరులోనే ఒక పెళ్ళిలో. సార్ నన్ను దూరం నుంచే గుర్తుపట్టి, పక్కనున్నవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు. "ఈ పాప నా దగ్గర నేర్చుకునిందే. మిద్దె పనిలో ఈమెను మించినోళ్ళు లేరు," అని అందరికీ పరిచయం చేశారు. ఆయన కళ్ళలో గర్వం నిజమైనది. అందుకే ఆ రోజు నాకు మరీ కష్టమైంది. పది మంది ముందర నన్ను పొగడటానికి వచ్చిన నోరు, పది మంది ముందర ఆ ఒక్క మాట చెప్పలేకపోయింది. నేను నమస్కారం పెట్టి, బిడ్డ ఏడుస్తోందని చెప్పి పక్కకు వచ్చేశాను. బిడ్డ నిద్రపోతోంది.

ఆ తర్వాత నాకు తెలిసింది అమ్మ ఫోన్ చేసి చెప్పిన వార్తే.

పెద్దకర్మ రోజు వాళ్ళ ఇంటి ముందు షామియానా వేశారు. ఫోటోకు దండ వేసి ఉంది. నేను వెనక వరుసలో కూర్చున్నాను. ఫోటోకు దండం పెట్టి, భోంచేసి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోదామనే వచ్చాను. సార్ దగ్గర పనిచేసినవాళ్ళు ఒక్కొక్కరూ మైకు ముందుకు వెళ్ళి మాట్లాడారు. వాళ్ళు చెప్పినవన్నీ నిజాలే. ఒకరి ఫీజు కట్టారు, ఒకరికి పెళ్ళి కుదిర్చారు, ఒకరి తండ్రికి జబ్బు చేస్తే ఆసుపత్రిలో కూర్చున్నారు. వింటూ నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

తర్వాత లాడ్జి ఓనర్ లేచాడు. జుట్టు తెల్లబడింది గానీ గొంతు అదే.

"నా లాడ్జి గోడ పడిన రోజు ఊరంతా నన్ను దొంగను సూసినట్ల సూసింది. ఆ పొద్దు నా పక్కన నిలబడింది సారొక్కడే. నమ్మినోళ్ళ చెయ్యి వదిలే రకం కాదప్పా ఆయన!"

అందరూ తలలూపారు. ఎవరో చప్పట్లు కొట్టబోయి, సందర్భం గుర్తొచ్చి ఆగిపోయారు. ఆ రోజు ఆయన పక్కన నిలబడటానికి సార్ ఎవరి చేయి వదిలేశారో ఆ షామియానా కింద ఒక్కరికీ గుర్తు లేదు.

అంతలో ఆఫీసులో నాకు జూనియర్‌గా ఉండిన అబ్బాయి నన్ను చూసి, "సార్ మొదటి శిష్యురాలు వచ్చినారు, రెండు మాటలు చెప్తారు," అని మైకులో అనేశాడు. అందరూ వెనక్కి తిరిగారు. లేచి వెళ్ళాను. ఏం చెప్పాలో నడుస్తున్నంతసేపూ నాకు తెలియదు.

"నాకు పిట్టగోడ పెట్టేది నేర్పించింది సారే," అన్నాను. మా ఆఫీసు మిద్దె మీద నేను ఆయన చొక్కా పట్టుకున్న సంగతి చెప్పాను. జనం నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా ఆగాను. "ఇప్పుడు పెద్దాయన చెప్పిన లాడ్జి గోడ గీసింది నేనే. దానికి కాలమ్స్ పెట్టినాను. నేను మర్చిపోలేదు. సార్ నా కుర్చీలో కూర్చోని తీసేసినారు. ఎవరు అడిగితే తీసేసినారో ఆ పెద్దాయనకు తెలుసు. ఇన్నేండ్లూ ఈ మాట సార్ నోట్లో నుంచే వస్తాదని సూస్తా ఉన్నాను. ఇంక ఆయన చెప్పలేరు. అందుకే నేను చెప్తా ఉండాను."

ఎవరో మైకు ఆపేశారు. ఓనర్ ముందు వరుసలోంచి లేచాడు. "పోయిన మనిషి మిందనా చెప్పేది? బతికుండంగా అడగను నోరు లేదా నీకు?"

"అడిగినాను. పాకాలలో, మా ఇంట్లో," అన్నాను. మైకు లేకపోయినా అందరికీ వినిపించింది.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. ముందు వరుసలో ఒకరిద్దరు ముఖాలు తిప్పుకున్నారు. ఈ మాట వినవలసిన మస్తాన్ మాత్రం అక్కడ లేడు. కూతురి దగ్గర ఉండటానికి కడపకు పోయాడని అంతకుముందే ఎవరో చెప్పారు. అతనికి ఇది చేరిందో లేదో ఇప్పటికీ తెలియదు.

చెప్పాక తేలికపడతానని అనుకున్నాను. తేలికపడలేదు. ఆయన ఫోటో ఎదురుగా ఆయనను నిలదీసినట్టయింది, ఆయన ఎప్పటిలాగే పలకలేదు. బ్యాగు భుజానికి తగిలించుకుని, చెప్పుల కోసం గేటు దగ్గర వెతుకుతున్నాను. వెనక నుంచి ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. అమ్మ. ఆ రోజు ఆమె బయటికి రాకూడదని లోపలి నుంచి ఆడవాళ్ళు కేకలేస్తున్నారు. ఆమె పట్టించుకోలేదు.

"చెప్పేసినావు గదా. ఇంక రా, అన్నం తిందువు."

"మీకు తెలుసా అమ్మా?"

"మీ పాకాల నుంచి వచ్చిన రోజు చెప్పినాడు. ఆయప్ప చెప్పలేకపోతే నేనన్నా వచ్చి చెప్పాల్సింది మస్తాన్‌కు. నేనూ నోరు మూసుకోనే ఉంటిని." ఆమె నా ముఖంలోకి సూటిగా చూసింది. "నన్ను గూడా తిట్టుకో. కానీ తినకుండా పోవద్దు."

వంట చోటు పక్కన, అందరికీ దూరంగా, ఆమే ఒక విస్తరి వేసింది. కూర్చున్నాను. ఆమె కూడా నా పక్కనే నేల మీద చతికిలబడింది. అన్నం కలిపాను. అమ్మ గాజులు లేని చేత్తో పమిట కొంగు పట్టుకుని, నా విస్తరి మీద వాలే ఈగలను తోలుతూ, నేను మజ్జిగన్నం దాకా వచ్చి విస్తరి మడిచేంత వరకూ అక్కడి నుంచి కదల్లేదు.